తప్పు చెప్పినవాడికి కాఫీ

మా వీధి చివర బ్యాంకు బోర్డు మారి చాలా కాలమైంది. అయినా మా ఇంట్లో ఆ బ్యాంకును ఇప్పటికీ పాత పేరుతోనే పిలుస్తాం. మీ ఇళ్ళల్లోనూ అంతే కాబోలు.

2017 ఏప్రిల్ 1వ తేదీన స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాదు, తన తోటి అనుబంధ బ్యాంకులు మరి నాలుగింటితోనూ, భారతీయ మహిళా బ్యాంకుతోనూ పాటు స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో విలీనమయింది. నైజాం హయాంలో 1941లో ఏర్పడి, ఆ రాజ్యపు ఉస్మానియా సిక్కా లావాదేవీలు చూసిన బ్యాంకు అది. మూడేళ్ళు తిరిగేసరికి, 2020 ఏప్రిల్ 1న, ఆంధ్రా బ్యాంకు వంతు వచ్చింది. 1923లో బందరులో డాక్టర్ భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు స్థాపించిన ఆ బ్యాంకు, కార్పొరేషన్ బ్యాంకుతో పాటు యూనియన్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో కలిసిపోయింది. రెండు ముహూర్తాలూ ఏప్రిల్ ఒకటో తేదీకే కుదిరాయని ఎవరూ నవ్వనక్కరలేదు. బ్యాంకులవారికి సంవత్సరాది ఆ రోజే.

పాత బోర్డు దింపి కొత్త బోర్డు ఎక్కించడానికి ఒక పూట చాలు. పాసుపుస్తకాలు మార్చడానికి కొన్ని నెలలు. లోపల కూర్చున్న మనుషులు సర్దుకోవడానికి ఎన్నాళ్ళు పడుతుందో మాత్రం ఏ సర్క్యులరులోనూ రాయరు.

ఈ గొడవ ఇప్పుడెందుకు ఎత్తానంటే, ఒక సోదరి ఉత్తరం రాశారు. వారి భర్త ఇరవై ఎనిమిదేళ్ళుగా బ్యాంకు ఉద్యోగి. వారి బ్యాంకును ఇంకొక బ్యాంకులో కలిపారు. జీతం తగ్గలేదు, ఊరు మారలేదు, మనిషి మాత్రం మారిపోయారట. "పూర్వం రాత్రి భోజనాల దగ్గర ఆఫీసు కబుర్లు చెప్పి పిల్లల్ని నవ్వించేవారు. ఇప్పుడు మజ్జిగ వడ్డించేలోగా లేచిపోతున్నారు. ఏమిటండీ అంటే, అక్కడ నన్నెవరూ ఏమీ అడగరు, అంటారు. కొత్త పని వారికి చేతకావడం లేదనా దీని అర్థం?" అని ఆవిడ ప్రశ్న.

కాదమ్మా. చేతకాకపోతే నాలుగు రోజులు విసుక్కుని ఐదో రోజుకు నేర్చుకునేవారు. ఇరవై ఎనిమిదేళ్ళు అంకెలతో కుస్తీ పట్టినవాడికి నాలుగు కొత్త మీటలు నొక్కడం బ్రహ్మవిద్య కాదు. ఆ ఉత్తరంలో అసలు సంగతంతా "ఎవరూ ఏమీ అడగరు" అన్న ఒక్క ముక్కలో వున్నది.

కొత్త కోడలు కాపరానికి వస్తే ఏ డబ్బాలో ఏమున్నదో అత్తగారు చూపిస్తుంది. ఏ మాట ఎవరి ఎదుట అనవచ్చునో, ఏది అనకూడదో ఎవరూ చూపించరు. ఆఫీసులూ అంతే. కాగితం మీద వుండే నియమాలు ఏ ఆఫీసులోనైనా ఇంచుమించు ఒకటే. కాగితం మీద లేనివే ఒక్కొక్కచోట ఒక్కొక్క తీరుగా వుంటాయి. వాటిలో నేను అన్నిటికంటే ముందు కనిపెట్టి చూసేది ఒకటున్నది. ఎవరైనా లేచి, "ఇక్కడేదో తప్పు వచ్చిందండీ" అంటే, ఆ తరువాతి నిమిషంలో ఏం జరుగుతుంది? ఎవరు తల తిప్పుకుంటారు, ఎవరు దగ్గరకు వస్తారు? కొత్త పద్ధతి ఏది వచ్చినా అది నిలబడేదీ కూలబడేదీ అక్కడే.

ముప్ఫై యేళ్ళకు పైగా నేనూ ఒక బ్యాంకులో పనిచేశాను. దాని పేరుతో మనకిక్కడ పని లేదు. నేను చేరిన రోజుల్లో లెక్కలన్నీ చేతిరాత. మోయలేనంత లావు లెడ్జర్లు. నెలకొకసారి బ్యాలెన్సింగు అని ఒక యజ్ఞం. ఖాతాదారులందరి నిలవలూ కూడితే వచ్చే మొత్తం, జనరల్ లెడ్జరులో వున్న మొత్తంతో పైసాతో సహా సరిపోవాలి. సరిపోయిన పాపాన ఎప్పుడూ పోలేదు లెండి. ఆ తేడాను పట్టుకోవడానికి కొన్ని చిట్కాలుండేవి. తేడా తొమ్మిదితో నిశ్శేషంగా భాగింపబడితే ఎవరో అంకెలు తారుమారు చేశారన్నమాట, 54 బదులు 45 వేసినట్టు. తేడాను సగం చేస్తే వచ్చే మొత్తం ఎక్కడైనా కనబడితే, జమ వైపు వేయవలసింది ఖర్చు వైపు వేశారు. మీ పిల్లలకు చెప్పి చూడండి, సరదా పడతారు.

చిట్కాలకు కూడా లొంగని తేడాలు వుండేవి. అప్పుడు రాత్రి ఎనిమిదీ తొమ్మిదీ దాకా అందరమూ కూర్చోవలసిందే. మా హెడ్డు గుమాస్తాగారిది పక్క ఊరు. ఆఖరి బస్సు ఎనిమిదిన్నరకు. ఆయన ఒక ఆచారం పెట్టారు: ఫలానా పద్దు దగ్గర నాకు అనుమానంగా వున్నది, అది నేనే వేశాను, అని ముందుగా ఒప్పుకున్నవాడికి ఆయన సొంత డబ్బుతో ఎదురు హోటలు నుంచి కాఫీ తెప్పించేవారు. ఇందులో ఆదర్శమేమీ లేదు. ఆయనకు బస్సు దొరకాలి. కాని పదేళ్ళు ఆ కాఫీ తాగిన తరువాత మా శాఖలో తప్పు దాచుకోవడమనేది ఎవరికీ తోచేది కాదు. కొత్తగా చేరిన కుర్రాళ్ళు మొదటి నెలలోనే కనిపెట్టేవారు, ఇక్కడ నోరు విప్పినవాడికి మర్యాద ఎక్కువని.

1983లో ఉద్యోగ సంఘాలకూ బ్యాంకుల యాజమాన్యాలకూ యంత్రాల విషయమై ఒప్పందం కుదిరింది. మరుసటి సంవత్సరం రంగరాజన్ గారి కమిటీ బ్యాంకుల్లో కంప్యూటర్లు ఎల్లా పెట్టాలో నివేదిక ఇచ్చింది. తరువాత చాలా ఏళ్ళకు మన రాష్ట్రానికి గవర్నరుగా వచ్చిన రంగరాజన్ గారే. అలా అలా, ఆ దశాబ్దం చివరకు మా శాఖకూ లెడ్జరు పోస్టింగు మిషను దిగింది.

దాని వైభోగం ఏమని చెప్పను! మాకు తిరిగే ఫంకాలు సరిగా లేవు గాని దానికి చల్లని గది. అద్దాల తలుపు. "చెప్పులు బయట విడువవలెను" అని బోర్డు. మా బంట్రోతు మొదటి రోజు అలవాటు చొప్పున దణ్ణం పెట్టి మరీ వచ్చాడు. శిక్షణ పొందిన ఇద్దరు కుర్రవాళ్ళు తప్ప లోపలికి ఎవరూ వెళ్ళరాదు. హెడ్డు గుమాస్తాగారికి శిక్షణ లేదు. రిటైరు కాబోయేవాడికి ఎందుకులే అనుకున్నారట.

దానితో పాటు పై నుంచి ఒక హుకుం కూడా వచ్చింది. మిషను మీద తప్పు చేసినవారు రాతపూర్వకంగా సంజాయిషీ ఇచ్చుకోవాలి. ఆ కాగితం సర్వీసు ఫైలులోకి వెళుతుంది. ఇది వచ్చిన మూడు నెలలూ మా శాఖలో ఒక్క తప్పు కూడా నమోదు కాలేదు! పై ఆఫీసు నుంచి అభినందన కూడా వచ్చింది.

నాలుగో నెలలో ఒక పెద్దావిడ వచ్చింది. భర్త బడిపంతులు; ఆయన పోయాక కుటుంబ పెన్షను మీద బతుకుతున్నది. రెండు నెలలుగా డబ్బు పడలేదన్నది. కౌంటరులో కుర్రవాడు కాగితం చూసి, "మిషనులో లేదమ్మా, ట్రెజరీలో అడుగు" అన్నాడు. ట్రెజరీవారు బ్యాంకులో అడగమన్నారు. కిరాణా కొట్టులో రెండు నెలల అరువు. ఆవిడ గట్టిగా మాట్లాడే మనిషి కూడా కాదు, బల్ల పట్టుకుని నిలబడి, "మరి ఎవర్ని అడగను నాయనా?" అన్నది.

హెడ్డు గుమాస్తాగారు తన కుర్చీలోంచే, "మీ ఇంటిపేరేమిటి తల్లీ?" అన్నారు. విన్నారు. లేచి వెళ్ళి పాత లెడ్జరు తీశారు. ఒకే పేరుగల ఖాతాదారులు ఇద్దరు. ఇంటిపేర్లు వేరు గాని మొదటి అక్షరం ఒకటే. మిషనులో పేరుకు ఇన్నే అక్షరాలని లెక్క కనుక ఇంటిపేరును ఆ ఒక్క అక్షరంతో సరిపెట్టారు. ఈవిడ పెన్షను రెండు నెలలుగా రెండో ఆవిడ ఖాతాలో పడుతున్నది. పదినిమిషాల్లో తేలిపోయింది.

నాకు ఇప్పటికీ కడుపులో దేవినట్టయ్యే సంగతి అది కాదు. అద్దాల గదిలోని ఇద్దరు కుర్రవాళ్ళలో ఒకనికి ఈ తిరకాసు అంతకు నెల ముందే తెలుసు. సాయంత్రం వరండాలో హెడ్డు గుమాస్తాగారితో తనే చెప్పాడు. సంజాయిషీ కాగితానికి భయపడి, వచ్చే నెల అదే సర్దుకుంటుందిలే అనుకున్నాడట. వాడు చెడ్డవాడా? బొత్తిగా కాదు. రెండేళ్ళ కిందట అదే కుర్రవాడు తన తప్పులు చెప్పి ఆ కాఫీ తాగినవాడే.

ఆ తరువాత బదిలీ మీద వచ్చిన మేనేజరుగారు పెద్ద ఉపన్యాసాలేమీ ఇవ్వలేదు. అద్దాల గది తలుపుకు ఒక ఇటుక అడ్డం పెట్టించి, హెడ్డు గుమాస్తాగారి కుర్చీ లోపల వేయించారు. చల్లదనం పోతుందని మిషను కంపెనీవారు మొత్తుకున్నా వినలేదు. రోజూ సాయంత్రం మిషను అచ్చు వేసిన కాగితాన్ని పాత లెడ్జరుతో సరిచూడాలి. అనుమానం వస్తే హెడ్డు గుమాస్తాగారు ఏ క్షణాన్నయినా పని ఆపించవచ్చు. ఒక నోటు పుస్తకాన్ని తాడుతో మేకుకు వేలాడగట్టారు. కనబడిన తప్పు అందులో రాయాలి. చేసినవారి పేరు రాయకూడదు. సంజాయిషీల సంగతి పైవారితో నేను చూసుకుంటానన్నారు.

మొదటి వారంలో రెండు పేజీలు నిండాయి. వెంటనే పై ఆఫీసు నుంచి తాఖీదు: ఇన్నాళ్ళూ చక్కగా వున్న శాఖలో హఠాత్తుగా ఇన్ని తప్పులు ఎల్లా వచ్చాయి? ఆ తాఖీదు చదివి మేనేజరుగారు నవ్వలేదు, మేమందరమూ నవ్వాము. ఆయన దానికి జవాబు రాయడానికి రెండు రోజులు పట్టింది.

హెడ్డు గుమాస్తాగారు ఆ మిషనును ప్రేమించారని మాత్రం అనుకోకండి. రిటైరయ్యే రోజు దాకా దానిని "ఆ పెట్టె" అనే అన్నారు. ఒక్క మీట నొక్కలేదు.

ఇదేదో మా చిన్న శాఖ ముచ్చట అనుకునేరు. ఇంచుమించు ఆ రోజుల్లోనే, ఇంతకు వెయ్యింతల పెద్ద ఎత్తున, అమెరికాలో ఒక కార్ల కర్మాగారంలో ఇదే జరిగింది. ఊరు కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్. ఈనాడు మన తెలుగు పిల్లలు ఎందరో కాపరాలు పెట్టుకున్న ఊరే గనుక, మీలో కొందరు కొడుకులనూ కూతుళ్ళనూ చూడబోయి ఆ కర్మాగారం పక్కనుంచే కారులో వెళ్ళివుంటారు.

అక్కడ జనరల్ మోటార్సువారికి ఒక ఫ్యాక్టరీ వుండేది. పేరు చెబితే ఆ కంపెనీవారే తల పట్టుకునేవారు. రోజూ నూటికి ఇరవైమంది పనికి రారు. వచ్చినవాళ్ళలో కొందరు లోపలే తాగుతారు. యాజమాన్యం మీద కార్మికుల ఫిర్యాదులు వేలల్లో పేరుకుపోయి వుండేవి. అక్కడ అన్నిటికీ మించిన శాసనం ఒకటే: కార్ల వరుస ఆగకూడదు. కళ్ళ ఎదుట తప్పుడు భాగం బిగించిన కారు వెళుతున్నా సరే, వెళ్ళనివ్వవలసిందే. తరువాత బయట పెరట్లో ఎవరో విప్పి బాగుచేస్తారు. 1982లో ఫ్యాక్టరీని మూసేశారు.

1984లో జపానుకు చెందిన టయోటావారూ జనరల్ మోటార్సువారూ కలిసి, నుమ్మి అన్న ఉమ్మడి కంపెనీ పేరుతో అదే ఫ్యాక్టరీ తెరిచారు. పనివాళ్ళను ఎక్కడినుంచి తెచ్చారనుకున్నారు? చాలావరకు ఆ పాతవాళ్ళే, నూటికి ఎనభై ఐదు మంది దాకా. సంఘమూ అదే. వందలమందిని జట్లు జట్లుగా జపానులోని టకావోకా ఫ్యాక్టరీకి పంపి, అక్కడి పనివాళ్ళ పక్కన నిలబెట్టి పని చేయించి తీసుకువచ్చారు.

ఆ జపాను పద్ధతిలో ముఖ్యమైనది ఒక తాడు. పనివాడి తలమీదుగా వేలాడుతూ వుంటుంది. దాన్ని ఆండన్ తాడు అంటారు; ఆ మాటకు వారి భాషలో లాంతరు అని అర్థం. ఏదైనా తేడా వస్తే పనివాడు దాన్ని లాగుతాడు. పైన దీపం వెలుగుతుంది, ఒక పాట మోగుతుంది. జట్టు నాయకుడు వెంటనే పరుగెత్తుకుని వచ్చి, ఏమయింది, నేను పట్టనా, అంటాడు. ఇద్దరూ కలిసి ఆ కాస్త వ్యవధిలో సరిచేసుకుంటే వరుస ఆగనే ఆగదు. సరికాకపోతే ఆగుతుంది. ఆగినందుకు ఎవరినీ ఏమీ అనరు. బిగించినదాన్ని ఊరికే వదిలేస్తేనే తప్పు. జీవితమంతా "ఆపావో, ఉద్యోగం పోతుంది" అని విన్న మనిషి చేతికి ఆ తాడు ఇవ్వడమంటే ఏమిటో ఆలోచించండి.

రెండేళ్ళలో ఆ ఫ్యాక్టరీ కార్లు నాణ్యతలో టకావోకా కార్లకు దీటుగా నిలిచాయి. రానివారి సంఖ్య నూటికి రెండు మూడుకు దిగింది. ఇదంతా ఒక్క తాడు మహిమే అంటే నేను ఒప్పుకోను. అధికారులూ పనివాళ్ళూ ఒకే చోట భోజనం చేసేవారు. కష్టకాలం వస్తే పనివాళ్ళను తీసేసేముందు పై అధికారుల జీతాలే కోస్తామని ఒప్పందంలో రాసుకున్నారు. 1988 ప్రాంతాల అమ్మకాలు పడిపోయినప్పుడు మాట నిలబెట్టుకుని, ఎవరినీ పంపించకుండా, ఖాళీగా వున్నవారికి శిక్షణ ఇస్తూ జీతమిచ్చారు. తాడు లాగితే కొంప మునగదన్న నమ్మకం ఇలాంటివాటి వల్ల వస్తుంది గాని, గోడ మీద నినాదం రాస్తే వస్తుందా?

తమాషా ఏమంటే, జనరల్ మోటార్సువారు ఈ పద్ధతిని తమ ఇతర ఫ్యాక్టరీలకు తేవాలని చూశారు. ఒక అధికారి, ఫ్రీమాంటు ఫ్యాక్టరీలో అంగుళం అంగుళం ఫోటోలు తీయించి అచ్చం అల్లాగే చెయ్యండన్నాడని ఒక కథ ప్రచారంలో వున్నది. అదే కాలిఫోర్నియాలో వాన్ నైస్ అన్నచోట జట్ల పద్ధతి పెట్టారు. కార్మికుల్లో సగం మందికి అది తమ మెడకు ఉచ్చులా తోచింది. పై వారు పట్టించుకునే లెక్క అప్పటికీ ఎన్ని కార్లు బయటపడ్డాయన్నదే. 1992లో దాన్నీ మూశారు. తాడుకు ఫోటో తీయవచ్చు. పరుగెత్తుకు వచ్చి "నేను పట్టనా" అన్నవాడి గొంతుకు ఎల్లా తీస్తారు?

ఫ్రీమాంటు కథ కూడా సుఖాంతం కాదు. జనరల్ మోటార్సు దివాలా తీసి 2009లో ఆ ఉమ్మడి కంపెనీ నుంచి తప్పుకున్నది. ఒంటరిగా నడపడం టయోటావారికి ఇష్టం లేకపోయింది. 2010లో నుమ్మి మూతపడింది. ఆఖరి కారు బయటికి వచ్చిన తేదీ, మళ్ళీ ఆ ఏప్రిల్ ఒకటే! తరువాత ఆ భవనాలను టెస్లావారు కొనుక్కున్నారు. మంచి అలవాట్లున్న ఆఫీసు ఎన్నటికీ చెడిపోదని మీకు ఎవరైనా చెబితే నమ్మకండి. పైన యజమానులు ఆడే ఆటలో కింది గదుల్లోని మర్యాదలకు అంత విలువ లేదు.

ఇక మన సోదరి భర్తగారి సంగతి. ఆయన బుర్రలో ఏముంటాయి? మిర్చి అమ్మకాలయ్యాక అప్పు కట్టే రైతు ఎవరో, మార్చిలో నోటీసు పంపితే రోషపడి అసలే కట్టనివాడు ఎవరో, బంగారం తాకట్టుకు తెచ్చి గుమ్మం దగ్గర తటపటాయించే ఇల్లాలిని ఎల్లా పలకరించాలో. కొత్త బ్యాంకు వారి పట్టికలో వీటికి గడి లేదు. ఆయన ఒకటి రెండుసార్లు చెప్పబోయి వుంటారు. "మా బ్యాంకులో అల్లా చెయ్యమండీ" అన్న సమాధానం వచ్చివుంటుంది. బోర్డు ఒకటే అయినా "మా", "మీ" అన్న మాటలు ఇంకా కుర్చీల్లో కూర్చునే వున్నాయి గదా. మూడోసారి ఆయన చెప్పడం మానేశారు. అద్దాల గదిలో కుర్రవాడు మానేసినట్టే.

అంచేత అమ్మా, వారిని మారమని మీరు పోరకండి. మారవలసినది ముందు ఆ అడగనివారు. మీ చేతిలో వున్న పని ఒకటున్నది. సాయంత్రం వారు వచ్చాక, "ఆఫీసు ఎల్లా వున్నది?" అని అడగకండి, దానికి "బాగానే" తప్ప జవాబు రాదు. "ఇవాళ అక్కడ ఏం తప్పు జరిగింది?" అని అడగండి. పది రోజులు విసుక్కుంటారు. పదకొండో రోజున అరగంట చెబుతారు. ఆ అరగంటా సలహాలు ఇవ్వకుండా వింటే, ఆఫీసులో చెప్పవలసిన మాట ఏదో వారికే తేలుతుంది. అక్కడ వినే మనిషి ఒక్కరైనా దొరకాలి, అది నిజమే. దొరకకపోవచ్చు కూడా.

దొరికిన చోటు ఒకటి నాకు తెలుసు. మా మేనల్లుడు పనిచేసే ఊళ్ళో, బ్యాంకులు కలిశాక, రెండు శాఖలను ఒకే భవనంలోకి చేర్చవలసివచ్చింది. కొత్త మేనేజరు ఒక అమ్మాయి. ఇంకా ముప్ఫైయైదు నిండివుండవు. మొదటి రోజు టీ వేళ రెండు శాఖలవారినీ కూర్చోబెట్టి, "మనం మారే రోజున ఏం చెడుతుందో తలా ఒకటి చెప్పండి" అన్నదట. ఎవరూ నోరు విప్పలేదు. రెండో రోజూ అంతే. మూడో రోజున గ్లాసులు తీసుకువెళుతున్న స్వీపరమ్మ, "బుధవారం పెట్టారు గదమ్మా, బుధవారం మా ఊరి సంత" అన్నది. అంత మంది అధికారుల్లో ఒక్కరికీ ఆ మాట తట్టలేదు. ఆ అమ్మాయి అక్కడికక్కడే పై వారికి ఫోను చేసి తేదీ గురువారానికి మార్పించింది. ఆ తరువాత టీ వేళ ముగియడానికి ముప్పావు గంట పట్టింది. ఇరవైకి పైగా సంగతులు బయటపడ్డాయని మావాడు లెక్క చెప్పాడు. గురువారంనాడు కూడా లాకరు తాళాల దగ్గర ఏదో గందరగోళమై ఇంటికి చేరేసరికి రాత్రి పదకొండయిందట. తాళాల సంగతి ఆ ఇరవైలో లేదు.